మూడు చలికాలాలు

దలన్‌జద్‌గద్ లైబ్రరీ వెనక గదిలో
పదకొండుమందిమి చేరాం, పేర్ల పంచాయితీకి.
అందరం కలిసి గీసే మ్యాప్‌లో
గోబీలో దేన్ని ఏమనాలో ఒకే మాట ఉండాలట.
రాసుకోవడం నా వంతు.
కెటిల్ ప్లగ్గు నా కాళ్ల దగ్గరుంది కాబట్టి
టీ కూడా నా వంతే.

దారి దగ్గరే గంట గడిచింది.
ఉపగ్రహం బొమ్మలో, నేల మీద దువ్వెన లాగినట్టు
పక్కపక్కనే ఇరవై చారలు.
ఇరవై దార్లు గీయాలా, ఒకటా? అంది నొమిందరి.
"ఒకటే," అన్నాడు లువ్సన్‌దష్,
పాతికేళ్లు డీజిలు ట్యాంకరు తోలినవాడు.
"గతుకులు పడితే పక్కకు జరుగుతాం.
నది పక్కకు జరిగితే ఇంకో నది అంటామా?"
జవాబు ఎవరి దగ్గరా లేదు.
దారి: ఒకటి. వెడల్పు: తర్వాత చూద్దాం, అని రాశాను.

తర్వాత బావులు.
నీళ్లు తాగొచ్చా? అవును, కాదు. రెండే గడులు.
మరి ఒంటెలు ఇష్టంగా తాగి, మనుషులు ఉమ్మేసే నీళ్లో?
కాదు అని పెట్టండి, అన్నారు.
"పెడితే నా ఒంటెలు మ్యాప్ చదివి దాహంతో చావాలా?"
ఆ నవ్వుల్లో బిస్కట్ల ప్యాకెట్టు అయిపోయింది,
మూడో గడి పుట్టింది.

అప్పుడొచ్చింది చలికాలపు మకాముల సంగతి.
రాతిగోడ దొడ్డి, పేడ గట్టిపడిన నేల,
గుడారం వేసిన చోట గుండ్రటి మచ్చ.
సముద్రం పక్క ఏదో ఊళ్లో కూర్చుని ఒక కుర్రాడు,
మంచివాడే, కష్టపడ్డాడు కూడా,
జూన్ నెల బొమ్మలు చూసి మూడువందల నలభై మకాములకు
'పాడుబడినది' అని పెట్టేశాడు.

ఖండ్‌సురెన్ ఫోను రిపేరుకని ఊళ్లోకొచ్చి
చలికి మా గదిలో కూర్చున్న మనిషి.
తెర దగ్గరకు ముఖం పెట్టి చూసింది.
"ఇది మాది. ఎవరు పోయారని ఇలా రాశారు?"
వేలితో ఆ మాటను ఒకసారి తుడిచింది,
తుడిస్తే పోతుందేమో అన్నట్టు.
"గడ్డి చూడండి," అంది.

చూశాం.
చుట్టుపక్కల నేలంతా గీకేసినట్టుంది.
దొడ్డి చుట్టూ మాత్రం మసక పసుపు గడ్డి,
వడ్డించాక ఎవరూ ముట్టని కంచంలా.
"వేసవంతా ఎన్ని మందలో ఆ పక్కనుంచే పోతాయి.
ఒక్క మేక మూతి పెట్టదు. పెట్టనివ్వరు.
దిక్కులేని చోటుకు అంత కాపలా ఎందుకు?"

సీజనల్ అందామన్నారు ఒకరు.
అది హోటళ్లవాళ్ల మాట అన్నారు ఇంకొకరు.
మన మాటే పెడదాం, ఒవుల్జో అని.
బయటివాళ్లకు అర్థం కావద్దూ?
"నేర్చుకుంటారు. గ్యారేజీ అనడం మనం నేర్చుకోలేదా,"
లువ్సన్‌దష్ గొణిగాడు.
ఏడు చేతులు లేచాయి.
మిగతావి టీ కప్పుల్ని వదల్లేదు.

కానీ నిజంగా పాడుబడ్డవీ ఉన్నాయి కదా,
ఎన్నాళ్లు ఎవరూ దిగకపోతే ఆ మాట రాయొచ్చు?
రెండు చలికాలాలు, అన్నారెవరో. తలలు ఊగాయి.
మూడు, అన్నాను.
ఆ పూట నేనన్న ఒకే ఒక్క మాట.
రాసేది నేనే కాబట్టి రాసేశాను.
ఎందుకని ఎవరూ అడగలేదు.

రాత్రి గదికొచ్చి మ్యాప్ తెరిచి
కొండ మలుపు వెనక మా దొడ్డిని వెతికాను.
మంచు కరువులో మంద మొత్తం పోయాక
అన్న జోరిగ్త్ బొగ్గు గనిలో ఎక్స్‌కవేటర్ నడుపుతున్నాడు.
రెండు చలికాలాలయ్యాయి.
మేకల ఊసెత్తడు.
మొన్న మాత్రం, జీతం సంగతి చెబుతూ చెబుతూ,
దొడ్డి తలుపుకు తీగ కట్టామా, తాడా, అని అడిగాడు.
తాడే, అన్నాను. గుర్తులేదు నిజానికి.

బొమ్మను పెద్దది చేశాను.
గోడకు ఉత్తరం వైపు రాళ్లు జారాయి.
గుండ్రటి మచ్చ సగం కనిపించడం లేదు.
చుట్టూ గడ్డి ఉంది.
ఎవరో వదిలిపెడుతున్నారు, ఇంకా.